బాన అడుగున గవ్వ

మా అత్తవారింట తాగే నీళ్ళకు ఒక విడి గది ఉండేది. దాన్ని నీళ్ళ కొట్టు అనేవాళ్ళం. పెరట్లో తాటాకు కప్పు, మట్టి గోడలు, వంగి దూరాల్సినంత పొట్టి తలుపు. లోపల ఇసక తిన్నె మీద వరసగా ఐదు బానలు. మా అత్తగారు స్నానం చేసి మడి కట్టుకుని లోపలికి వెళితే, ఆవిడ పిలిచేదాకా ఇంకెవరూ ఆ గడప తొక్కడానికి లేదు. నేను కాపురానికి వచ్చిన రెండో వేసవిలో ఆవిడ నన్ను పిలిచి, "ఇహనించీ నాకు సాయానికి రా" అన్నారు. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఆ బానల్లో ఏది ముందు నా చేతిలో పగులుతుందా అన్న ఆలోచన వచ్చింది. నా తీరే అంత. చంటిపిల్ల నవ్వితే ఎక్కిళ్ళు వస్తాయేమోనని భయపడే రకాన్ని.

ఆ నీళ్ళు ఇంటికోసం కాదు. మా ఊరు రాజోలుకు క్రోసెడు దూరం. గోదావరి రేవుకు పోయే బాట మా పెరటి గోడ పక్కనుంచే పోతుంది. పోయిన మామగారి పేరు మీద అత్తగారు ఆ బాట పక్కన ఏటా చలిపందిరి వేయించేవారు. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా పొద్దు ఎక్కగానే అక్కడ పీట మీద కూర్చుని, దోసిళ్ళు పట్టిన వాళ్ళకు చెంబుతో నీళ్ళు పోసేవారు. అంతర్వేది వెళ్ళేవాళ్ళు, అటునుంచి వచ్చేవాళ్ళు, ఎగువన ఆనకట్ట పనులకు కూలికి పోయేవాళ్ళు, అందరూ ఆగేవారు. ఆవిడకు భర్త పోయాక పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పిలుపుల్లేవు. వంట నా తోడికోడలి చేతికి వెళ్ళిపోయింది. ఆవిడవంటూ ఆ ఇంట్లో మిగిలినవి ఈ నీళ్ళే.

అంతకుముందు ఏళ్ళలో నూతి నీళ్ళే పోసేవారట. ఎండలు ముదిరితే రేవులో నీళ్ళు ఉప్పెక్కేవి, నూతిలోనూ అడుగుకు పోయేవి. ఆ ఏడు మా ఊరికి కొత్త కాలవ తవ్వారు. గట్లు నిలుస్తాయో లేదో చూడాలని ఎండల్లోనే నీళ్ళు వదిలారు. ఇంటి వెనకనే కాలవ పారుతోందని ఊరంతా సంబరపడింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇక చలిపందిరికి కాలవ నీళ్ళే అని తేల్చేశారు. తీరా చూస్తే అవి ఎర్రటి బురద నీళ్ళు. కొత్త మట్టి ఇంకా కరుగుతూనే ఉండేది. చెంబు ముంచి పైకెత్తితే చెంబు అడుగు కనిపించేది కాదు.

వాటిని తాగే నీళ్ళుగా చెయ్యడం అత్తగారి విద్య, ఏటా వరదల్లో ఎర్రబడిన గోదావరి నీళ్ళ మీద చెయ్యి తిరిగినది. దానికి కావలసినవి మంచి బాన, మంచి చిల్లగింజ. చిల్లగింజ అంటే మన్యంలో దొరికే గుండ్రటి చిన్న గింజ. తడిపి, బాన లోపలి గోడకు గరుకుగా రుద్ది, ఆ పైన నీళ్ళు పోస్తే బురదంతా అడుగుకు దిగిపోతుంది. గింజలు అమ్మే మనిషి మూట విప్పితే అత్తగారు దోసెడు తీసి నీళ్ళలో వేసేవారు. తేలినవి పురుగు తిన్నవి, వెనక్కి ఇచ్చేసేవారు. మునిగినవాటిని ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసేవారు. కుమ్మరి బానలు తెస్తే వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినేవారు. పగిలినదాని మోత వేరు. ఆపైన నీళ్ళు నింపి ఒక రోజు ఉంచి, బయట అరచేత్తో రాసి ఎంత చెమ్మ పట్టిందో చూసేవారు. చెమర్చని బాన నీళ్ళు చల్లబరచదు, మరీ చెమర్చేది నిలవదు. రెండూ కాక మధ్యగా ఉన్న ఐదు బానలు ఏరడానికి ఆవిడకు మూడు రోజులు పట్టింది. కుమ్మరికి అప్పటికే ఓపిక పోయింది.

నాకు అప్పగించిన పని తోమడం. నాలుగు రోజులకొకసారి బానను ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో బూడిద పెట్టి లోపలంతా తోమి, మూడు నీళ్ళు కడిగి, ఎండలో పెట్టాలి. తోమకపోతే మట్టి రంధ్రాలు పూడుకుపోయి బాన వాసనేస్తుంది. నేను తోమాక ఆవిడ లోపల చెయ్యి పెట్టి, మూలమూలలా వేళ్ళతో తడిమేవారు. "ఇక్కడ జారుతోందే" అంటే మళ్ళీ తోమాలి. ఒకే బానను మూడుసార్లు తోమిన రోజులున్నాయి. లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ప్రతి బాన అడుగునా ఒక తెల్లటి గవ్వ ఉండేది. అదే కొలత. పొద్దున్నే ఆవిడ గింజ పుచ్చుకుని గోడకు పదహారు చుట్లు తిప్పేవారు, పైకి లెక్కపెడుతూ. కావిళ్ళతో వచ్చిన కాలవ నీళ్ళు గుడ్డలో వడకట్టి పోయించి, మూత పెట్టి, జపానికి వెళ్ళేవారు. రెండు గడియల తరవాత వచ్చి, మూత తీసి, వంగి చూసి, "గవ్వ కనిపిస్తోంది, ముంచు" అనేవారు. అప్పుడు నేను అడుగు కదలకుండా పైపైన ముంచి కుండల్లో పోయాలి. అవి పందిట్లోకి వెళ్ళేవి.

ఒకనాడు రెండో బాన తోమి, ఎండబెట్టి, తెచ్చి తిన్నె మీద పెట్టాను. అత్తగారు పదహారు చుట్లు తిప్పారు, నీళ్ళు నిండాయి, మూత పడింది, ఆవిడ వెళ్ళిపోయారు. నేను పెరట్లోకి వచ్చేసరికి రుబ్బురోలు మీద గవ్వ ఉంది. తోమేటప్పుడు తీసి అక్కడ పెట్టి మరిచిపోయాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు వేస్తే దిగిన బురద లేస్తుంది. వెయ్యకపోతే ఆవిడ చూడగానే తెలిసిపోతుంది. ఎటూ పాలుపోక గవ్వను కొంగున ముడేసుకుని, చీవాట్లకు సిద్ధపడి తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆవిడ వచ్చారు. ఒక్కొక్క మూతా తీశారు. రెండో బాన మీదికి వంగి, ఎప్పటిలాగే కాసేపు ఆగి, "గవ్వ కనిపిస్తోంది, ముంచు" అన్నారు.

గవ్వ నా కొంగులో ఉంది. చేతులు వాటంతట అవే ముంచాయి.

అలవాటు కొద్దీ అన్నారేమో అనుకున్నాను. మనసు నిలవలేదు. మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండో బానది ఎలాగూ నా దగ్గరే ఉంది, ఆవిడ రాకముందే తక్కిన నాలుగు బానల్లోంచీ గవ్వలు తీసి దాచేశాను. ఆవిడ ఐదింటి మీదా వంగారు. ఐదింటికీ గవ్వ కనిపిస్తోందన్నారు. పెద్దావిడకు పరీక్ష పెట్టిన పాపం ఒకవైపు, ఆవిడకు చూపు లేదన్న సంగతి ఒకవైపు నన్ను పట్టుకున్నాయి.

ఎవరికి చెప్పను? మా ఆయన చదువుకోసం పొరుగూళ్ళో ఉన్నారు. బావగారికి ఎదురుపడి మాట్లాడడం ఆ రోజుల్లో కోడళ్ళకు లేదు. తోడికోడలికి చెబితే పూటలో ఆయనకు చేరుతుంది. ఆయన అప్పటికే రెండేళ్ళుగా, "ఇంక ఆ ఎండలో ఎందుకమ్మా, ఇంట్లో కూర్చో" అంటూనే ఉన్నారు. చూపు పోయిందని తెలిస్తే నీళ్ళ కొట్టుకు ఆ రోజే తాళం పడుతుంది. ఆవిడ ఇక గోడకు ఆనుకుని కూర్చోవడమే. చెప్పకపోతే బురద నీళ్ళు జనం కడుపుల్లోకి పోతాయి. అవి వాంతిభేదుల పేరు చెబితే ఊళ్ళకు ఊళ్ళు తలుపులు మూసుకునే రోజులు. అంతకుముందు ఏడే మా పుట్టింటి వీధిలో ఒక వారంలో ముగ్గురు పోయారు. నా కళ్ళముందు అదే మెదిలేది.

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. ఆవిడకు తెలియకుండా నేనే నీళ్ళు సరిచెయ్యడం. ఆవిడ జపానికి వెళ్ళగానే ఇంకో చిల్లగింజ తీసి, సానరాయి మీద గంధంలా అరగదీసి, ఐదు బానల్లోనూ కొంచెం కొంచెం కలిపేదాన్ని. గవ్వలు తిరిగి వాటి చోట వేసేశాను. మొదటి రోజు నీళ్ళు ఎలా ఉన్నాయో సరిగ్గా చూసే ధైర్యం కూడా లేదు. పని చేశానన్న తృప్తి ఉంది, చాలనుకున్నాను.

మూడో రోజు చూశాను. గవ్వ మసకగా ఉంది. చుట్టూ పల్చటి పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు. కాలవ మరింత పాడైందనుకున్నాను. ఆవిడ చుట్లు లెక్క తప్పుతున్నారనుకున్నాను. గింజలు పుచ్చువేమో అనుకున్నాను. నేను కలిపింది చాలలేదేమో అని కూడా అనుకున్నాను. ఆ ఒక్క తప్పుడు ఆలోచననే పట్టుకుని మర్నాడు రెండు గింజలు అరగదీశాను. మబ్బు చిక్కబడింది. మూడు గింజలు వేశాను. ఆవిడ వంగి, "గవ్వ కనిపిస్తోంది, ముంచు" అంటూనే ఉన్నారు. నేను ముంచుతూనే ఉన్నాను. ఒక్కొక్క ముంతకూ దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకునేదాన్ని. పందిరి వైపునుంచి ఎవరైనా దగ్గితే చాలు, తాగినవాళ్ళేనేమో అని పెరటి గోడ దగ్గరికి పరిగెత్తేదాన్ని. నిద్ర పోయింది, ఆకలి పోయింది. తోడికోడలు నా వాలకం చూసి నెల తప్పిందేమోనని ముసిముసిగా నవ్వేది.

అలా పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం రేవు పడవ నడిపే సరంగు వచ్చి వీధి అరుగు కింద నిలబడ్డాడు. బావగారు అరుగు మీద ఉన్నారు. నేను తలుపు చాటున ఉన్నాను.

"తప్పుగా అనుకోకండి బాబూ," అన్నాడు సరంగు. "నిన్న మన పందిట్లో నీళ్ళు తాగిన మనిషికి అవతలొడ్డు చేరేసరికి కడుపు పట్టేసిందండి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడండి. నీళ్ళు చేదుగా ఉన్నాయనీ, నోట్లో జారుతున్నాయనీ పడవలో అందరూ అనుకుంటున్నారండి. మీ చెవిన వేద్దారని వచ్చేనండి."

"నిన్నొక్కనాడేనా?"

"ఆయ్, నాలుగైదు రోజుల్నించీ అంటున్నారండి. పెద్దావిడ చేతి నీళ్ళని ఎవరూ పైకి అనలేదండి."

ఆ మనిషి ఎవరో, ఏ ఊరో. వాడి పెళ్ళాం పిల్లలు ఎదురు చూస్తూ ఉంటారు. నేనే చంపాననుకున్నాను. సరంగు అటు వెళ్ళాడో లేదో బావగారు గబగబా పందిట్లోకి వెళ్ళి అత్తగారిని ఇంటికి తీసుకొచ్చారు. ఆవిడ నడవాలో కూర్చున్నారు. ఆయన నిలబడే మాట్లాడారు.

"అమ్మా, పందిరి పీకించేస్తాను. నాన్నగారి పేరు చెప్పి నలుగుర్ని చంపుకుంటామా? నువ్వు చేసింది చాలు."

అత్తగారు నన్ను పిలిచారు. "అమ్మాయ్, రెండో బానలోవి ఓ చెంబుడు నీళ్ళు ముంచుకురా."

తెచ్చి ఆవిడ ముందు పెట్టి మళ్ళీ తలుపు చాటుకు వెళ్ళిపోయాను. ఆ తరవాత ఆవిడ చేసిన పని ఆ ఇంట్లో ఎవరూ ఊహించనిది. మా అత్తగారు తన చేత్తో తోడుకున్న నూతి నీళ్ళు తప్ప ఇంకే నీళ్ళూ నోట పోసుకునేవారు కాదు. ఊరంతా కాళ్ళు కడిగే కాలవ నీళ్ళంటే ఆవిడకు మరీ పట్టింపు. అవి పైవాళ్ళకు పోసేవే కాని తాను తాగేవి కావు. అలాంటిది చెంబు ఎత్తి, గుక్కెడు నోట్లో పోసుకున్నారు.

"అమ్మా! కాలవ నీళ్ళు!" అన్నారు బావగారు.

ఆవిడ వినిపించుకోలేదు. ఆ గుక్కను నోట్లోనే కాసేపు ఉంచుకుని, మింగి, ఇంకో గుక్క తాగారు.

"నీళ్ళకేమీ కాలేదు," అన్నారు. "గింజ ఎక్కువైంది. ఎక్కువైతే బురద దిగదు, చేదెక్కుతుంది. నా పదహారు చుట్లకి ఈ చేదు రాదు. నా తరవాత ఇంకో చెయ్యి పడింది."

పది రోజులుగా నేను ఎవరి తప్పును దాస్తున్నాననుకున్నానో ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. కళ్ళు లేకపోయినా వేళ్ళు తెలుసు, లెక్క తెలుసు, నీళ్ళు దిగడానికి ఎంత సేపు పడుతుందో తెలుసు. గవ్వ మరిచిపోయిన రోజున కూడా ఆ బానలో నీళ్ళు తేటగానే ఉన్నాయి. అడుగున కొబ్బరిపీచు గీతలు నాకు కనిపించాయి కూడా. భయంలో వాటిని లెక్కలోకి తీసుకోలేదు. నీళ్ళు పాడుచేసింది కళ్ళున్న నేను.

బావగారు మాత్రం ఊరుకోలేదు. "నువ్వు గవ్వ చూసేకే కదమ్మా ముంచేది? దిగని నీళ్ళలో గవ్వ నీకెలా కనపడింది?"

చెంబు అంచు మీద ఆవిడ వేలు గుండ్రంగా తిరుగుతోంది. ఆవిడ నోరు విప్పితే నీళ్ళ కొట్టు పోతుంది. విప్పకపోయినా పోతుంది. నేను ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి బావగారికి నా గొంతు వినిపించలేదు. అప్పుడు మాత్రం తలుపు చాటునుంచి నాకే తెలియకుండా మాట వచ్చేసింది.

"ఆవిడ చూసినప్పుడు తేటగానే ఉన్నాయండి. తరవాత నేనే గింజ అరగదీసి కలిపేనండి. ఇంకా తేటపడతాయనుకున్నానండి. తప్పు నాదేనండి."

అందులో మొదటి మాట అబద్ధం. తక్కినవన్నీ నిజం. బావగారు నా వైపు చూడలేదు, నాతో మాట్లాడలేదు. "నువ్వు చూసేక ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదని చెప్పు," అని తల్లితోనే అని, "వారం రోజులు చూస్తాను. మళ్ళీ ఎవరైనా అంటే పందిరి ఉండదు," అంటూ బయటికి వెళ్ళిపోయారు.

అత్తగారు లేచి నన్ను నీళ్ళ కొట్టులోకి రమ్మన్నారు. ఐదు బానలూ కొబ్బరి మొక్కల్లో పారబోయించారు, నా చేత తోమించారు, మళ్ళీ నీళ్ళు తెప్పించారు. పదహారు చుట్లు. నేను గోడ వారగా ఆ రెండు గడియలూ కూర్చున్నాను. పుట్టింటికి పంపించేస్తారన్నదే ఆలోచన. మా నాన్నగారి మొహం ఎలా చూడాలో అని ఏడుపు దిగమింగుకున్నాను. కడుపు పట్టేసిన ఆ మనిషి మూడో నాడు కోలుకున్నాడని సరంగు తరవాత చెప్పాడు కాని, అప్పటికి నాకు అదీ తెలియదు. నా గింజల వల్ల పడుకున్నాడో, తిన్నదేదైనా పడకో, ఈ రోజుకీ తెలియదు.

"చూడు," అన్నారు అత్తగారు.

మూత తీసి వంగాను. గవ్వ మీది పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. "కనిపిస్తోందండి," అన్నాను.

"నాకు చూపు లేదని నీకెప్పుడు తెలిసింది?"

"రెండో బానలో గవ్వ వెయ్యడం మర్చిపోయిన రోజునండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి. మీరు నాకేసి అలా చూస్తూ ఉంటే నోరు పెగలదండి." రెండేళ్ళుగా అంతే. నేను వడ్డిస్తున్నా, ముగ్గు వేస్తున్నా ఆవిడ రెప్ప వెయ్యకుండా నావైపే చూస్తూ ఉండేవారు. ఏం తప్పు పట్టుకుంటారో అని చేసిన పనినే మళ్ళీ మళ్ళీ సరిచూసుకునేదాన్ని.

ఆవిడ నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

"చూసేనుటే నేను? నువ్వు కాపరానికి రాకముందే కళ్ళు పొరలు కమ్మేసేయి. నీ గొంతు తెలుసు, నీ గాజుల చప్పుడు తెలుసు. ఎటు మసులుతున్నావో చెవులతో కనిపెట్టుకుంటూ ఉండేదాన్ని. నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు."

రెండేళ్ళు నేను భయపడింది నన్ను ఒక్కసారైనా చూడని కళ్ళకు. ఆవిడ ఆ చీకటిని ఇంటిల్లిపాదికీ తెలియకుండా ఒక్కర్తీ మోసుకున్నారు. నేను బాన మీద వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయి భోరుమన్నాను.

అత్తగారి చెయ్యి గాల్లో వెతుక్కుంటూ వచ్చి నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇటు జరిగి ఏడవ్వే," అన్నారు. "బానలో పడితే మళ్ళీ పారబొయ్యాలి."